మంచుకొండల మీద చెరిగిపోయిన పేర్లు

స్త్రీల శరీరం సున్నితమైనదనీ, కష్టాలకు తట్టుకోలేదనీ చెప్పే వాదనను మనం ఎన్నో రూపాల్లో విన్నాం. రాత్రి షిఫ్టులకు వద్దన్నప్పుడు విన్నాం, సైన్యంలోకి వద్దన్నప్పుడు విన్నాం. ఈ వాదనలో నిజమెంతో తేల్చుకోవాలంటే శీతాకాలపు పర్వతారోహణ కంటే కఠినమైన పరీక్ష దొరకదు. ఆ పరీక్ష నూట యాభై ఏళ్ళ క్రితమే జరిగింది. ఫలితం కూడా వచ్చింది. ఆ ఫలితాన్ని మన దాకా రానీయకుండా చేసినదేమిటన్నదే ఆలోచించవలసిన విషయం.

ముందు ఆ పని ఎలాంటిదో చూద్దాం. రెండు వైపులా లోయల్లోకి జారిపోయే వాలు, మధ్యలో గోడ మీది అంచులా సాగే కొండవెన్ను. వేసవిలో చేతులతో రాళ్ళు పట్టుకుని పాకుతూ పోగల దారి అది. చలికాలంలో ఆ రాళ్ళ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. గాలికి పేరుకున్న మంచు అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి, కింద ఆధారం లేకపోయినా గట్టినేలలా కనిపిస్తుంది. పగలు తక్కువ, గాలి ఎక్కువ. చేతి తొడుగు తీసి ముడి విప్పే కాసేపట్లోనే వేళ్ళు మొద్దుబారతాయి. రక్తప్రసారం ఆగి కణజాలం గడ్డకడితే వేళ్ళు తీసేయవలసి రావచ్చు.

ఇలాంటి చలిలో 1874 జనవరిలో మెటా బ్రెవూర్ట్ అనే అమెరికన్ స్త్రీ ఆల్ప్స్‌లోని వెటర్‌హార్న్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు ఎక్కింది. చలికాలంలో వాటిని ఎక్కిన తొలి బృందం ఆమెదే. 1876 జనవరి 31న ఇసబెల్లా స్ట్రాటన్ అనే ఇంగ్లీషు స్త్రీ గైడ్లతో కలిసి మాంట్ బ్లాంక్ ఎక్కింది. పశ్చిమ యూరప్‌లో అన్నిటికంటే ఎత్తయిన ఆ శిఖరాన్ని చలికాలంలో అంతకు ముందు ఏ పురుషుడూ ఎక్కలేదు. 1888 జనవరిలో మార్గరెట్ ఆన్ జాక్సన్ యుంగ్‌ఫ్రౌను ఒకవైపు ఎక్కి మరోవైపు దిగింది. ఆ చలికి ఆమె కాలివేళ్ళు కొన్ని పోయాయి. అంటే చలికాలపు ఆరోహణలో స్త్రీలు వెనక వచ్చి చేరినవాళ్ళు కారు, దారి తీసినవాళ్ళలో ఉన్నారు.

మరి వీళ్ళ పేర్లు ఎందుకు వినపడవు? బ్రెవూర్ట్ తన ఆరోహణల్లో ఒకదాని గురించి రాసిన వ్యాసం పురుషుల క్లబ్బు పత్రికలో అచ్చయింది, సోదరి కొడుకు కూలిడ్జ్ పేరుతో. జాక్సన్ భర్త పేరులోని పొడి అక్షరాలతో 'మిసెస్ ఇ.పి. జాక్సన్'గానే రికార్డుల్లో మిగిలింది. చలికాలపు ఆల్ప్స్ మీద 1883లోనే పుస్తకం రాసిన ఎలిజబెత్ లె బ్లాండ్ మూడుసార్లు పెళ్ళి చేసుకుంది. ఆమె పుస్తకాలు ముగ్గురు భర్తల ఇంటిపేర్లతో వచ్చాయి. కొండ ఎక్కింది ఒకే మనిషి, గ్రంథాలయంలో ముగ్గురు 'మిసెస్'లు! పెళ్ళయ్యాక ఇంటిపేరు మారడాన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవాళ్ళు దీన్ని గమనించాలి. పేరు తెగితే చరిత్ర తెగుతుంది.

పేరు తర్వాత సభ్యత్వం. 1857లో లండన్‌లో పుట్టిన ఆల్పైన్ క్లబ్బు స్త్రీలను చేర్చుకోలేదు. స్త్రీలు 1907లో తమ క్లబ్బు తాము పెట్టుకున్నారు. దాని తొలి అధ్యక్షురాలు లె బ్లాండే. రెండు క్లబ్బులూ ఒకటి కావడానికి 1975 దాకా పట్టింది. స్కాట్లండ్‌లో పురుషుల క్లబ్బు 1889లో పుడితే, స్త్రీలు 1908లో వేరే క్లబ్బు పెట్టుకున్నారు. ఆ పురుషుల క్లబ్బు స్త్రీలకు తలుపు తీసింది 1990లో. క్లబ్బు అంటే టీ తాగే చోటు కాదు. తాడు పట్టే తోడు, దారుల సమాచారం, కొండమీద తలదాచుకునే గుడిసె తాళం, రాసుకునే పత్రిక, అన్నీ అక్కడే ఉంటాయి. వాటిని నిరాకరించి, ఆ తర్వాత 'స్త్రీలకు ఆసక్తి లేదు' అనడం మనకు బాగా తెలిసిన పద్ధతే.

శరీరాల మధ్య తేడాలు లేవని నేను అనడం లేదు. సగటున స్త్రీల చేతులు, పాదాలు చలిలో త్వరగా చల్లబడతాయి. దానికి జవాబు సరిపోయే తొడుగులు, సరిపోయే బూట్లు. పురుషుల కొలతలతో చేసినవాటినే చిన్న సైజులో అమ్మి, వదులుగా ఉన్న బూటులో పాదం గడ్డకడితే తప్పు పాదానిదా? ఇంకో విషయం మర్యాద పేరుతో ఎవరూ మాట్లాడరు. నడుముకి తాడు పట్టీలు బిగించుకుని, నాలుగైదు పొరల బట్టలతో, మాటు లేని కొండవెన్ను మీద మూత్రానికి వెళ్ళడం స్త్రీలకు పెద్ద సమస్య. అందుకని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. ఒంట్లో నీరు తగ్గితే వేళ్ళు గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మరుగుదొడ్డి లేని మన బడుల్లో ఆడపిల్లలు పొద్దుటినుంచీ నీళ్ళు తాగకుండా కూర్చోవడం ఇలాంటిదే. శరీరం బలహీనం కాదు. ఆ శరీరాన్ని లెక్కలోకి తీసుకోని ఏర్పాట్లు బలహీనం.

ఇక మాతృత్వం. ఆలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 మేలో ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, షేర్పాల సాయం లేకుండా ఎవరెస్ట్ ఎక్కింది. ఆగస్టులో కె2 శిఖరం చేరి, దిగుతూ తుఫానులో చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలను వదిలి వెళ్ళిన తల్లి అంటూ పత్రికలు ఆమెను తప్పుపట్టాయి. ఆమె కొడుకు టామ్ బల్లార్డ్ 2019లో నంగా పర్బత్ మీద, నడి చలికాలంలో, ఒక కొండవెన్ను దారిలో చనిపోయాడు. అతనితోపాటు పోయిన డానియేలె నార్డికి పసిబిడ్డ ఉన్నాడు. సాహసం చేసి చనిపోయిన తండ్రిని వీరుడనీ, తల్లిని బాధ్యత లేనిదనీ అనడం మనకు అలవాటు. ప్రాణాలకు తెగించడం తప్పా అన్న ప్రశ్న వేయవలసిందే. వేస్తే ఇద్దరికీ వేయాలి.

తిండికే లేని స్త్రీలున్న దేశంలో మంచుకొండల గొడవ ఎందుకని కొందరు అడుగుతారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ దీనికి కొంత జవాబు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి రాళ్ళ మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొంది, ఆమె 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ప్రభుత్వ వసతిగృహం, తిండి, శిక్షణ, ఖర్చు సమకూరితే వ్యవసాయ కూలీల బిడ్డ ఎక్కడికి పోగలదో అది చూపించింది. అయితే అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. నేపాల్ వైపు పదహారేళ్ళ నియమం ఉండటంతో టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. అంత ప్రమాదానికి ఆ వయసు పిల్ల ఒప్పుకోలును ఒప్పుకోలు అనవచ్చునా? విజయం వచ్చింది గనక ఈ ప్రశ్న మాయమైపోకూడదు. వద్దనే హక్కు లేనిచోట సరేననే మాటకు విలువ ఉండదు.

పూర్ణకు పేరైనా వచ్చింది. హిమాలయ గ్రామాల్లో స్త్రీలు చలికాలంలో కూడా వాలుల మీద కట్టెలు, పశువుల మేత మోసుకుంటూ నడుస్తారు. వాళ్ళ శరీరం సున్నితమని ఎవరూ ఆపరు. చాకిరీ దగ్గర గుర్తురాని సున్నితత్వం కీర్తి దగ్గర, స్వేచ్ఛ దగ్గర మాత్రమే గుర్తొస్తుంది. చలి అందరికీ ఒకటే. ఎవరు ఎందుకు ఎక్కాలి, ఎవరి పేరు రాయాలి అన్నవి మాత్రం మనుషుల నిర్ణయాలు. అందుకే మనం అడగవలసింది రక్షణ కాదు. ప్రతి గురుకులంలో శిక్షణ, ఒంటికి సరిపోయే పరికరాలు, వద్దనడానికీ కావాలనడానికీ సమానమైన హక్కు, ఎక్కినవాళ్ళ సొంత పేరుతో చరిత్ర. ఇవి కావాలి.