లాడం పీకేస్తే సరిపోదు

గుర్రానికి లాడాలు తీసేస్తే గిట్ట దానంతటదే గట్టిపడుతుందని మీ ఆదివారం వ్యాసం. సగమే నిజం. గిట్ట నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. మెట్ట నేలలో రోజంతా తిరిగే గుర్రానికి ఆ పెరిగింది అరిగిపోతుంది. విజయవాడ పెళ్లి గుర్రం తిరిగేదెక్కడ? పగలు తడి పెంటలో కట్టేసి ఉంటుంది, రాత్రి బ్యాండు మేళంతో తారు రోడ్డెక్కుతుంది. తడికి గిట్ట మెత్తబడి అడుగు కుళ్లుతుంది. లాడం లేకున్నా ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి, అంచులు రాయాల్సిందే. చెక్కేవాడు లేని ఊళ్లో లాడం పీకడం దయ కాదు, నిర్లక్ష్యం.

ఎద్దులకూ లాడాలు తీసేయమని ఆ వ్యాసం అనడం మరీ విడ్డూరం. ఎద్దుది చీలిన గిట్ట, ఒక్కో చీలికకు విడిగా రేకు కొడతారు. దమ్ములో దిగే ఎడ్లకు లాడం అక్కర్లేదని డెల్టా రైతుకు ఒకరు చెప్పాలా? రోడ్డు మీద బండి లాగే వాటికే కొట్టిస్తాడు.

అసలు బాధ ఎండ. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. వ్యాసంలో ఆ ఊసే లేదు. గన్నవరం పశువైద్య కళాశాల వారు లాడాలు కొట్టేవాళ్లకు గిట్ట చెక్కడంలో శిక్షణ ఇప్పించాలని మనవి.

– ఒక రైతు, ఉయ్యూరు