రౌటరు ఆర్పి వెలిగించుట చికిత్స కాదు

అంతర్జాలము నిలిచిపోయిన యే యింటనైనను, ఏ కార్యాలయముననైనను మొట్టమొదట వినవచ్చు మాట, ఆ రౌటరును ఒకమారు ఆర్పి మరల వెలిగింపుడని. అట్లు చేసినంతట పెక్కుమారులు పని జరుగుచున్న మాట నిజమే. జరుగుచున్నది గనుకనే ఆ యభ్యాసము మనలో వేరూని, కారణమేమని యడుగు అలవాటును సమూలముగ హరించినది. దోషము మఱుగైనంత మాత్రమున తొలగినట్లు కాదనియు, చిన్న నెట్‌వర్కులలో పుట్టు చిక్కులలో అధికభాగము ఒక్క సంఖ్యను చదివినచో తెలియవచ్చునవే యనియు, ఆ చదువును ఆయా యిండ్లవారికి అందింపకపోవుట అమర్చువారి కర్తవ్యలోపమనియు నా దృఢవిశ్వాసము.

ఆ సంఖ్య ఐ.పి. చిరునామా. ప్రతి యంత్రమునకును దీనిని చేతితో నమోదు చేయు శ్రమను తప్పించుటకై 1993లో డీహెచ్‌సీపీ యను నియమావళి వెలువడినది. రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన 1997 మార్చి నాటి పాఠమే నేటికిని దానికి ఆధారము. విధానము మిక్కిలి సరళము. కొత్తగా చేరిన యంత్రము, చిరునామా యిచ్చువారెవరైన నున్నారా యని అందఱకును వినబడునట్లు అడుగును, రౌటరు ఒక సంఖ్యను చూపును, యంత్రము దానినే తనకిమ్మని కోరును, రౌటరు సరేయనును. ఇచ్చిన చిరునామా శాశ్వతము కాదు, గడువుతో కూడిన లీజు మాత్రమే. సామాన్యముగ గడువులో సగము గడచినంతట యంత్రము తనంతట తానే పొడిగింపు కోరును.

అడిగినదానికి బదులు రానప్పుడు ఏమగును? విండోస్ 98 నాటినుండి కంప్యూటరులు అట్టి సమయమున 169.254తో మొదలగు చిరునామాను తామే యిచ్చుకొనుచున్నవి; ఈ పద్ధతి 2005లో ప్రమాణముగ కూడ స్థిరపడినది. ఆ చిరునామాతో పొరుగు యంత్రమును పలుకరింపవచ్చునే గాని గడప దాటి వెలుపలికి పోవుట సాధ్యము కాదు. ఆండ్రాయిడ్ ఫోనులైతే చిరునామా పొందుచున్నామని చెప్పుచు అచటనే నిలిచిపోవును. కావున 169.254 కనబడినపుడు వెలుపలి లైనును నిందించి ప్రయోజనము లేదు. దోషము ఇంటిలోనే, ఆ యంత్రమునకును చిరునామాలిచ్చు పెట్టెకును నడుమనే యున్నది.

హైదరాబాదులోని అమీర్‌పేట, అశోక్‌నగరు ప్రాంతముల వసతిగృహములను తలచుకొందము. ఒక్క కనెక్షనును పదులకొలది విద్యార్థులు పంచుకొందురు. ఒక్కొక్కరికి ఫోనును, కొందఱికి లాప్‌టాపును ఉండును. వచ్చిపోవు స్నేహితులకు లెక్కలేదు. రౌటరు పంచుటకు ఉంచుకొన్న సంఖ్యలు నూఱే యైన, ఒక్కొక్క లీజు పూర్తిదినము నిలుచునదైన, ఉదయము ఖాళీ చేసి వెళ్లినవాని చిరునామా సాయంత్రము వచ్చినవానికి దక్కదు. దీనికి తోడు, ఆండ్రాయిడ్ 10 మొదలుకొని ఫోనులు ఒక్కొక్క వైఫై పేరునకు ఒక్కొక్క కల్పిత హార్డ్‌వేరు గుర్తింపును చూపుచున్నవి. వ్యక్తిగత గోప్యతకు అది మేలే. కాని అంతస్తునకొక వైఫై పేరు పెట్టిన భవనములో, వెనుక ఒకే రౌటరు చిరునామాలిచ్చుచున్నచో, మెట్లెక్కిన ఒక్క ఫోనే మూడు ఫోనులుగ లెక్కకు వచ్చి మూడు సంఖ్యలను పట్టుకొని కూర్చుండును. ఇట్టి యెడ రౌటరును ఆర్పినచో, అనేక చవుక రౌటరులు తామిచ్చిన లీజుల పట్టికనే మఱచిపోవును గనుక, సంఖ్యలన్నియు ఖాళీయైనట్లు తోచి అప్పటికి పని జరుగును. అదే మనము మురిసిపోవు చికిత్స! మరునాటికి రోగము తిరుగబెట్టును. అంతకుమించి, ఒకరి చేతిలో ఇంకను ఉన్న చిరునామాయే మఱొకరికి చేరి యిరువురకును నెట్టు అందకుండు ప్రమాదమును కలదు. లీజు గడువును రెండు మూడు గంటలకు కుదించి, పంచు సంఖ్యల పరిధిని పెంచినచో తీరిపోవు చిక్కునకు, ఆన్‌లైనులో పరీక్ష వ్రాయుచున్న విద్యార్థి మూల్యము చెల్లించుట నాకు సహింపరానిదిగ తోచును.

రెండవ రౌటరు తెచ్చు చిక్కు వేఱు. వెనుకగదికి వైఫై అందదని ఇంకొక పెట్టెను కొని, దాని లాన్ రంధ్రములో తీగ గ్రుచ్చి ఊరకొందురు; అదియును చిరునామాలు పంచుట మొదలిడును. ఒకే గ్రామమున ఇద్దఱు కరణములు కూర్చుండి ఒకే భూమికి పట్టాలు వ్రాసినట్లు, ఎవని జవాబు ముందు చేరిన వాని మాటయే చెల్లును. కొందఱికి నెట్టు వచ్చును, కొందఱికి రాదు, ఎందులకో ఎవరికిని అంతుపట్టదు. ఇచటను సంఖ్యయే సాక్షి. అందఱకును 192.168.1తో మొదలగు చిరునామా ఉండగా ఒక్కనికి 192.168.0తో వచ్చినచో రెండవ కరణము దొరికినట్లే. 192.168.137 కనబడినచో, ఎవరో తమ విండోస్ కంప్యూటరులో అంతర్జాలము పంచుకొను సౌకర్యమును తెరచి మఱచినారని నిశ్చయింపవచ్చును. 1999లో విండోస్ 98 రెండవ ముద్రణముతో వచ్చిన ఆ సౌకర్యము తానును చిరునామాలిచ్చునదే. విండోస్ 7 నుండి అది ఈ సంఖ్యనే వాడుచున్నది. ఆ సౌకర్యమును మూసివేయుట, రెండవ రౌటరులో డీహెచ్‌సీపీ నాపి దానికి పరిధికి వెలుపలి స్థిరసంఖ్య నిచ్చుట, ఇవియే మందులు.

చిరునామా సరియైయుండియు నెట్టు రానిచో మొదట రౌటరును, పిదప వెలుపలి 8.8.8.8ను పింగ్ చేసి, బదులు పలుకునో లేదో చూడవలెను. రెండును పలికి, వెబ్‌సైటు పేరు మాత్రము పలుకనిచో దోషము పేర్లను సంఖ్యలుగ మార్చు డీఎన్ఎస్‌ది. రౌటరు పలికి రెండవది పలుకనిచో అప్పుడు అంతర్జాలమిచ్చు సంస్థవారికి ఫోను చేయుట న్యాయము.

ఇదంతయు సామాన్యులకేల యని కొందఱు ఆక్షేపింతురు. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ సంకేతమును, ఆధారు సంఖ్యను తప్పులేక వ్రాయు గృహిణికి 169.254 గుర్తుంచుకొనుట భారమని నేనంగీకరింపను. భారమైనది అజ్ఞానమే: పాస్‌వర్డు అమర్చినవానికే తెలియును, అతడు ఊరు మాఱును, ఆ పెట్టెలోని నియమములు మూసిన గదియై మిగులును. కనుక రౌటరు అమర్చిన ప్రతివాడును ఒక్క కాగితము వ్రాసియిచ్చి తీరవలెను. అందులో చిరునామాలు పంచు పెట్టె యేది, పరిధి యెంత, లీజు గడువెంత, రెండవ పెట్టె ఎక్కడ, దాని తీగ ఏ రంధ్రములో అను వివరములుండవలెను; పాస్‌వర్డును యజమానికి వేఱుగ అప్పగింపవలెను. వసతిగృహ యజమానులు ఆ కాగితము చేతికందువరకు తుది రుసుము చెల్లింపవలదని నా విన్నపము.