పూత ఎక్కడ పూయవలె?

నిర్మల్ పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది రంగు. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతికి, ఆపైన రంగులద్ది కర్రకు ప్రాణం పోసే నకాషీల ఊరు ఇది. ఇట్టి ఊరిలో చదువుకొంటున్న విద్యార్థులకు పూత అనగా ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే పూతలన్నీ ఒక్క పనికి పుట్టినవి కావు. బొమ్మ మీది రంగు కంటికి విందు. ఇత్తడి గిన్నె లోపలి కళాయి కంటి కొరకు కాదు, పులుసు చిలుమెక్కకుండుటకు. మిద్దె మీది సున్నం ఎండను మరల్చుటకు. ఏ పూత ఏ పని కొరకో తెలిసికొనక పూసినచో అది అలంకారమే అవుతుంది తప్ప ఉపకారం కానేరదు.

ఈ మాట ఇప్పుడెందుకనగా, కంప్యూటర్ల విషయంలో మన విద్యార్థులలో ఒక భ్రమ ప్రబలుతున్నది. కంప్యూటరు పెట్టెలో ప్రాసెసరు నెత్తిన కూర్చుండే లోహపు రెక్కల దిమ్మెను హీట్ సింక్ అంటారు. ప్రాసెసరులో పుట్టిన వేడిని పీల్చి గాలికి అప్పగించుట దాని పని. అంగడిలో ఇవి నల్లనివి, తెల్లనివి, నికెలు పూతతో అద్దంవలె మెరిసేవి, రంగురంగుల దీపాలతో వెలిగేవి దొరుకుతున్నవి. నల్లనిది ఎక్కువ చల్లబరుస్తుందని ఒకరు, మెరిసేది మేలైనదని మరొకరు వాదించుకొనుట మేము వింటూనే ఉన్నాము. కళాశాల కంప్యూటర్లకు కూడ ఇటువంటివి తెప్పించవలెనని కోరేవారున్నారు. మా అభిప్రాయం వేరు. వేసవిలో మన కంప్యూటర్లను కాపాడే పూత ఒకటి ఉన్నది. కాని దానిని పూయవలసిన చోటు హీట్ సింక్ కాదు, ఆ గది పైకప్పు.

తెలుగు పాఠం చెప్పేవారికి ఈ చర్చ ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఈ భ్రమకు మూలం సగం భాషలోనే ఉన్నది గనుక మేము కలం పట్టవలసి వచ్చినది. నల్లగొడుగు ఎండను తాగుతుందని మనమంటాము. ఆ మాట ఎండ విషయంలో నిజమే. దానిని ఎండ సోకని చోటికి, మూత వేసిన పెట్టెలోనికి లాగుకొని పోవుటతోనే చిక్కు వచ్చిపడినది.

వేడి ఒకచోటినుండి మరొకచోటికి పోవుటకు మూడు దారులని పాఠశాలలోనే చదువుకొన్నాము: వహనం, సంవహనం, వికిరణం. ప్రాసెసరు నుండి రెక్కలకు వేడి వహనం ద్వారా పాకుతుంది. రెక్కలనుండి గాలిలోనికి సంవహనం ద్వారా పోతుంది. కొంత భాగం కంటికి కనబడని కిరణాల రూపంలో వికిరణమై పోతుంది. పై పూత ప్రభావం చూపగలిగినది ముఖ్యంగా ఈ మూడవ దారిలోనే.

ఆ ప్రభావం ఎట్టిదో 1804లో స్కాట్లండుకు చెందిన జాన్ లెస్లీ ఒక తేలిక ప్రయోగంతో లోకానికి చూపినాడు. లోహపు ఘనంలో వేడినీళ్ళు పోసి, దాని ముఖాలలో ఒకదానిని నునుపుగా మెరిసేటట్లు ఉంచి, తక్కినవాటికి వేరువేరు పూతలు పూసి, ఏ ముఖం ఎంత వేడిని వెదజల్లుతున్నదో కొలిచినాడు. నీరు ఒక్కటే, వేడి ఒక్కటే. అయినను మెరిసే ముఖం అతి తక్కువ వేడిని వెదజల్లినది, మసి పూసిన ముఖం ఎంతో ఎక్కువ వెదజల్లినది. నేటి కొలతల ప్రకారం, ఆదర్శమైన నల్లని వస్తువు వెదజల్లే దానిలో నున్నని అల్యూమినియం నూటికి పది పాళ్ళు కూడ వెదజల్లదు. సాధారణ రంగు పూసినచో అదే అల్యూమినియం 90 పాళ్ళ వరకు వెదజల్లుతుంది. ఇక్కడ గమనింపదగిన విశేషమొకటున్నది. ఆ రంగు నలుపైనా తెలుపైనా ఫలితం దాదాపు సమానమే. హీట్ సింక్ ఉండే వేడిమి వద్ద వెలువడే కిరణాలకు మన కంటి నలుపు తెలుపులతో పని లేదు. నల్లని హీట్ సింక్‌కు వచ్చిన కాస్త మేలు నలుపు వలన వచ్చినది కాదు, లోహం మీద పూత ఉన్నందున వచ్చినది.

ఆ మేలు ఎంతటిదో లెక్క కట్టి చూతము. స్టెఫాన్ 1879లో చెప్పిన సూత్రం ప్రకారం, 60 డిగ్రీల ఉపరితలం 30 డిగ్రీల పరిసరాలలోనికి వికిరణం ద్వారా పంపగలిగినది, అత్యుత్తమమైన పూత ఉన్నను, 100 చదరపు సెంటీమీటర్లకు రెండు వాట్లు మాత్రమే. మెరిసే లోహమైతే వాటు లో పదవ వంతు. తేడా ఇరవై రెట్లు అనగానే ఆశ్చర్యపడతాము. కాని సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసరు 65 వాట్లకు తగ్గని వేడిని పుట్టించగలదు. పైగా దట్టంగా పేర్చిన రెక్కలు ఒకదాని కిరణాలను మరొకటి అడ్డగించుకొంటాయి, బయటికి కనబడే అంచులే వెదజల్లగలుగుతాయి. కావున ఫ్యాను తిరుగుతున్న హీట్ సింక్‌లో వేడిలో అత్యధిక భాగం గాలితోనే పోతుంది, పూత చేసే మేలు స్వల్పం. ఫ్యాను లేనిచోట మాత్రం పూతకు విలువ ఉన్నది. ఎల్.ఇ.డి. దీపాలు, ఇంటర్నెట్ రౌటర్లు, ఫ్యాను లేని చిన్న విద్యుత్ పరికరాలు నిశ్చలమైన గాలిలో చల్లబడవలసినవి గనుక వాటికి వికిరణం మంచి సహాయం చేస్తుంది. అల్యూమినియం మీద విద్యుత్తుతో గట్టి ఆక్సైడు పొర పెంచే ఆనోడైజింగ్ పద్ధతి అట్టి చోట్ల అన్ని విధాల సమంజసమే.

ఇక రాగి మీది నికెలు సంగతి. రాగి గాలి తగిలి నల్లబడకుండ నికెలు కాపాడుతుంది. అంతవరకు అది మంచి పనే. కాని మెరుపు పెరిగినంత మాత్రాన చలువ పెరగదు. మెరిసే లోహం వికిరణంలో పిసినారి అని లెస్లీ ఘనం ఏనాడో చెప్పినది.

పూత మేలు చేయకపోగా కీడు చేసే చోటు కూడ ఉన్నది. కొందరు ఔత్సాహికులు హీట్ సింక్‌కు తామే స్ప్రే రంగు వేస్తున్నారు. రెక్కల మీద ఒక పలుచని పొర, అనగా మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు పడినచో పెద్ద నష్టం లేదు. వేడి అప్పటికే వేల చదరపు సెంటీమీటర్ల మేర పరచుకొన్నది గనుక ఆ పొర వలన పెరిగే వేడిమి డిగ్రీలో పదవ వంతుకు మించదు. అదే పొర అడుగున, ప్రాసెసరును తాకే పది చదరపు సెంటీమీటర్ల చోట పడినచో 65 వాట్లూ ఆ ఇరుకు గుమ్మం గుండానే పోవలె. లెక్క కట్టిన 16 డిగ్రీల పెరుగుదల వస్తుంది. ఒకే రంగు, ఒకే మందం. ఒకచోట నిరపాయం, మరొకచోట ప్రమాదం. పూత ఎక్కడ అన్న ప్రశ్న, పూత ఏది అన్న ప్రశ్నకన్న ముఖ్యమనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వత్తము. హీట్ సింక్ ఎంత ఖరీదైనదైనను తన చుట్టూ ఉన్న గాలికన్న చల్లబడలేదు. గదిలోని గాలి ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసరు వేడిమి కూడ ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. అనేక ప్రాసెసర్లు 100 డిగ్రీల దరి చేరగానే తమను తాము కాపాడుకొనుటకు వేగం తగ్గించుకొంటాయి, అది చాలకున్న ఆగిపోతాయి. మన ప్రాంతపు వేసవి 45 డిగ్రీలకు చేరువయ్యే వేసవి. కంప్యూటరు గది పై అంతస్తులో, రోజంతా ఎండకు కాగిన స్లాబు కింద ఉన్నప్పుడు, సాయంత్రం వరకు పైకప్పే ఒక పొయ్యి. ప్రాక్టికల్ పరీక్ష రాస్తున్న విద్యార్థి కంప్యూటరు మధ్యలో మందగిస్తే నష్టపోయేది యంత్రం కాదు. ఇంటిలో కంప్యూటరు లేని విద్యార్థికి కళాశాలలోని ఆ గంట తప్ప వేరే గంట లేదు.

పైకప్పు విషయంలో తెలుపుకు ఉన్న విలువ వేరు. అక్కడ పని చేసేది సూర్యకాంతి. సూర్యకాంతిలో నలుపు తెలుపుల భేదం సంపూర్ణంగా వర్తిస్తుంది. తెల్లని పూత ఎండలో అధిక భాగాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, లోనికి దిగిన వేడిని కూడ నలుపుతో సమానంగా వికిరణం చేసి ఆకాశానికి అప్పగిస్తుంది. ఒక్క పూత రెండు పనులు చేయుట అంటే ఇదే. ఇది మా ఊహ కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించినది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును ఇట్టి చలువ కప్పుగా మార్చవలెనన్నది ఆ విధానపు లక్ష్యం. మన పెద్దలు మిద్దెకు ఏటేటా సున్నం కొట్టించుటలోని జ్ఞానమే నేడు విధాన పత్రమై వచ్చినది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. గదికి ఏ.సి. పెట్టించిన సరిపోదా అని అడుగవచ్చు. ఏ.సి. ఉన్న గదికైనను పైకప్పు తెల్లనిదైతే దాని భారం తగ్గుతుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది. కరెంటు పోయిన గంటలో ఏ.సి. సెలవు తీసికొంటుంది, సున్నానికి సెలవు లేదు. దుమ్ము పడి తెలుపు మాసిపోతుందని అనవచ్చు. అది నిజమే. ప్రతి ఏడు వేసవికి ముందు కడిగించి, అవసరమైనచోట మరల పూయించవలసి ఉంటుంది. చలికాలంలో గది కొంత ఎక్కువ చల్లబడుతుంది. అదియు నిజమే. కాని మన చలి కొన్ని వారాలు, మన ఎండ కొన్ని నెలలు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. మెరిసే పరికరాలకు కేటాయింపదలచిన సొమ్ములో కొంత భాగంతో మార్చి నెలకు ముందే కంప్యూటరు గది పైకప్పుకు తెల్లని పూత వేయించవలె. పూతకు ముందు, పూతకు తరువాత గది వేడిమిని ప్రతిదినం ఒకే వేళకు థర్మామీటరుతో కొలిచి నమోదు చేసే బాధ్యతను భౌతికశాస్త్ర విద్యార్థులకు అప్పగించవలె. వచ్చే సంచికలో ఆ పట్టిక అచ్చయినచో ఈ వ్యాసం కన్న అదే విలువైనది. మా మాట తప్పో ఒప్పో కూడ ఆ పట్టికే తేలుస్తుంది.

విద్యార్థి మిత్రులకు చెప్పదగినది ఇంతే. మీ హీట్ సింక్ రంగును గురించి వాదించుటకు ముందు దాని రెక్కల మధ్య పేరుకొన్న దుమ్మును దులపండి. ఆ దుమ్ము గాలికే అడ్డం. ప్రాసెసరుకూ హీట్ సింక్‌కూ నడుమ పెట్టే థర్మల్ పేస్టు ఎండిపోయినదేమో చూడండి. పెట్టెను గోడకు ఆనించక గాలి ఆడనివ్వండి.

ఈ నిర్మల్ సీమలో బొమ్మలకు మునుపే ఉక్కు ప్రసిద్ధి. ఆ ఉక్కుతో చేసిన కత్తి మీద అలలవలె కనబడే గీతలను ఉర్దూలో జౌహర్ అంటారు. అది పైన పూసినది కాదు, లోహం గర్భంనుండి పైకి వచ్చినది. అదే మాటకు గుణమనీ, సారమనీ అర్థం. బొమ్మకు పూత అందం, కత్తికి జౌహర్ అందం. రెండూ మన ఊరివే. ఏది ఎక్కడ కావలెనో ఎరిగి ఖర్చు చేయుట వివేకం. పైన పటారం లోన లొటారం అన్న సామెత మన కంప్యూటరు గదికి వర్తింపకుండుగాక!