సైన్సు కబుర్లు: ఒకరు ఆగినా పని ఆగదు

పిల్లలూ! రైల్లో శ్రీకాకుళం పట్టణానికి వెళ్ళేవాళ్ళు ఆమదాలవలసలో దిగుతారు. అందుకే ఆ స్టేషనుకు “శ్రీకాకుళం రోడ్డు” అని పేరు. సంక్రాంతి రోజుల్లో ఆ స్టేషను చూసి తీరాలి. హైదరాబాదుకూ, చెన్నైకీ పనులకోసం వెళ్ళినవాళ్ళు మూటా ముల్లే పట్టుకుని దిగుతూ ఉంటారు. పండగ కాగానే మళ్ళీ బయలుదేరతారు.

అలా బయలుదేరవలసిన తండ్రికి టిక్కెట్టు కొనడానికి ఒక అమ్మాయి తన తాతతో కలిసి అక్కడి కౌంటరు దగ్గర నిలబడింది. తాత రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. గుమాస్తా మీటలు నొక్కగానే బెర్తు నెంబరుతో సహా టిక్కెట్టు వచ్చేసింది.

“ఏటి తాతా, ఈయన ఇక్కడ కూర్చున్నాడు గదా! ఎక్కడో ఉన్న రైల్లో బెర్తు ఖాళీగా ఉందని ఈయనకెలా తెలిసింది?” అన్నది అమ్మాయి.

తాత ప్లాటుఫారం బల్లమీద కూర్చుని ఇలా చెప్పాడు:

“మా రోజుల్లో అయితే లావుపాటి రిజిస్టర్లు ఉండేవమ్మా. ఒక్కొక్క స్టేషనుకు ఇన్ని బెర్తులని పంచి ఇచ్చేవారు. 1985లో ఢిల్లీలో ఈ పనిని కంప్యూటరుకు అప్పగించడం మొదలుపెట్టారు. తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులలో కూడా కంప్యూటరు కేంద్రాలు వెలిశాయి. మొదట్లో ఏ కేంద్రం లెక్క ఆ కేంద్రానిదే. 1999 ఏప్రిల్ నాటికి ఆ అయిదింటినీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా కలిపారు. ఆ ఏర్పాటుకు ‘కాన్సర్ట్’ అని పేరు. కాన్సర్ట్ అంటే కచేరీ. కచేరీలో వాద్యాలు వేరువేరైనా పాట ఒక్కటే గదా! ఒక్కొక్క రైలు లెక్క ఒక్కొక్క కేంద్రంలో పెట్టారు. ఏ ఊరి గుమాస్తా అడిగినా, ఆ ప్రశ్న ఆ లెక్క ఉన్న చోటికే వెళ్ళి జవాబు తెస్తుంది. 2002 ఆగస్టు నుంచి ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్టులో కూడా టిక్కెట్టు కొనే వీలు కలిగింది.”

“మరి అక్కడి కంప్యూటరు చెడిపోతే? ఇన్ని ఊళ్ళలోనూ టిక్కెట్లు ఆగిపోవా?”

“మంచి ప్రశ్నే వేశావు. మన ఊరి హోటల్లో ఒక సర్వరుకు జ్వరం వస్తే హోటలు మూస్తారా? మూయరు. తక్కినవాళ్ళు వడ్డిస్తారు. అడిగినవాళ్ళకు పని చేసిపెట్టే కంప్యూటరును కూడా సర్వర్ అనే అంటారు. ఒకే పనికి చాలా సర్వర్లను పెట్టి, వాటికి పని పంచడానికి ఒక మేస్త్రీని పెడతారు. ఆ మేస్త్రీ కూడా కంప్యూటరే. అది కొన్ని సెకండ్లకోసారి ప్రతి సర్వరునూ ‘ఉన్నావా?’ అని అడుగుతుంది. ‘ఉన్నాను’ అని జవాబు వస్తే సరే. వరసగా కొన్నిసార్లు పలకకపోతే దానికి పని ఇవ్వడం మాని, తక్కినవాటికి పంచుతుంది.”

“ఆ మేస్త్రీకే జ్వరం వస్తే?”

తాత నవ్వాడు. “అందుకే మేస్త్రీలను కూడా ఇద్దరిని పెడతారు. ఒక్కటే ఉన్న వస్తువు ఎక్కడ ఉందా అని వెతకడమే ఈ విద్యలో మొదటి పాఠం. కాని తల్లీ, వడ్డించేవాళ్ళు పదిమంది ఉండవచ్చు, బెర్తుల లెక్క రాసే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి. రెండు చేతులు రెండు పుస్తకాల్లో రాస్తే ఒకే బెర్తును ఇద్దరికి అమ్మేస్తారు. అందుకని ఒక కంప్యూటరు రాస్తుంది, రెండోది వెంటనే నకలు తీసుకుంటుంది. నకలు పూర్తయిన తరువాతనే టిక్కెట్టు ఇస్తారు. మొదటిది చెడిపోతే రెండోది ఆ నకలు చూసుకుని రాయడానికి పూనుకుంటుంది.”

“మొదటిది చెడిపోయిందని రెండోదానికి ఎలా తెలుస్తుంది? పలకకపోతే చెడిపోయినట్టేనా?”

తాత ముఖం కాస్త గంభీరమైంది.

“అసలు చిక్కు అక్కడే ఉంది. నేను ఒకప్పుడు ఒంటి లైను మీద పనిచేశాను. రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా. వచ్చే బండికీ, పోయే బండికీ అదే దారి. రెండు స్టేషన్లలోనూ తీగలతో కలిపిన టోకెను యంత్రాలు ఉండేవి. ఒక టోకెను బయటికి తీస్తే, దాన్ని మళ్ళీ యంత్రంలో వేసేదాకా రెండింటిలోంచీ ఇంకొకటి రాదు. టోకెను చేతికి అందితేగాని డ్రైవరు బండి కదపడు. ఇక తుఫానులో తీగలు తెగిపోయాయి అనుకో. అవతలి స్టేషను పలకదు. పలకలేదు గనక లైను ఖాళీ అనుకుని బండి వదిలితే?”

“అమ్మో! ఎదురుగా బండి వస్తే!”

“అదీ సంగతి! పలకకపోవడం వేరు, లేకపోవడం వేరు. అందుకని అలాంటప్పుడు ఉన్న బండ్లను ఆపి, నిబంధనల ప్రకారం ఒక ఇంజనును జాగ్రత్తగా పంపి, అవతలి స్టేషనుతో మాట కలిపేవారు. కంప్యూటర్లదీ ఇదే కథ. రెండింటి మధ్య తీగ తెగితే రెండూ బాగానే ఉంటాయి. కాని రెండోది చెడిపోయిందని ఒక్కొక్కటీ అనుకుంటుంది. రెండూ లెక్క రాయడం మొదలుపెడతాయి. ఒకే బెర్తు మీద ఇద్దరు కూర్చుంటారు!”

“మరి ఏం చేస్తారు?”

“మూడోదాన్ని సాక్షిగా పెడతారు. ముగ్గురిలో ఇద్దరు ఒక మాట మీద ఉంటేనే రాయాలని నియమం. తీగ తెగి ఒంటరిగా మిగిలినది, తాను బాగానే ఉన్నా సరే, కలం కింద పెట్టెయ్యాలి. మూడూ విడిపోతే మూడూ ఆగవలసిందే. టిక్కెట్టు ఒక గంట ఆలస్యమైనా ఫరవాలేదు. ఉన్న ఒక్క బెర్తునూ ఇద్దరికి అమ్మితే రాత్రివేళ ఆ ఇద్దరిలో ఒకరి గతి ఏమిటి?”

పిల్లలూ, తాత చెప్పిన దానికి కొంచెం లెక్క కూడా చేర్చుకుందాం. ఒక సర్వరు నూటికి 99 పాళ్ళు పనిచేస్తుంది అనుకోండి. వినడానికి బాగుంది. కాని ఏడాదికి 365 రోజులు గదా! నూటికి ఒక పాలు ఆగినా మూడు రోజులన్నర పైనే అవుతుంది. అలాంటివి రెండు పెడితే, రెండూ ఒకేసారి ఆగడం పదివేలకు ఒక పాలు. అంటే ఏడాదికి 53 నిమిషాలు దాటదు! అయితే ఒకదాని జబ్బు రెండోదానికి అంటకూడదు. అలా ఉన్నప్పుడే ఈ లెక్క నిజమవుతుంది.

ఇక్కడే మన సముద్ర తీరం గుర్తుకు రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు నేల కూలాయి, ఊళ్ళు చీకటిలో మునిగాయి. ఒకే గదిలో, ఒకే కరెంటు లైను మీద పది సర్వర్లు పెడితే, అలాంటి రోజున పదీ ఒకేసారి ఆగిపోతాయి. అందుచేత నకళ్ళను దూరపు ఊరిలో కూడా ఉంచుతారు.

దూరానికీ ఒక ఖర్చు ఉంది. గాజు తీగలో వెలుగు సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 600 కిలోమీటర్ల దూరం వెళ్ళి జవాబు తేవడానికి సెకండులో వెయ్యింట 6 వంతులు పడుతుంది. ఒక టిక్కెట్టుకు అది లెక్కలోనిది కాదు. కాని పండగనాడు లక్షలమంది ఒకేసారి అడుగుతారు. అప్పుడు ఆ కొంచెమే పోగుపడి ఆలస్యమవుతుంది. అందుకే ఏ నకలు కోసం ఆగాలో, ఏది వెనక నుంచి వచ్చినా ఫరవాలేదో ముందే నిర్ణయించుకుంటారు.

ఇంకొక మాట. మంచి ఇంజనీర్లు సర్వరు చెడిపోయేదాకా కాచుకుని కూర్చోరు. రద్దీ లేని రోజు చూసి, కావాలనే ఒకదాన్ని ఆపి, తక్కినవి పని అందుకుంటాయో లేదో పరీక్షిస్తారు. ఈత నేర్చుకోవలసింది వరద రాకముందే గదా!

ఇంట్లో ఆడి చూడండి

పది చింతపిక్కలకు పది నెంబర్లు వేయండి. అవే బెర్తులు. ఒకరు పలక మీద అమ్మకాలు రాయాలి, రెండోవారు నకలు తీయాలి. తరువాత ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇద్దరినీ అమ్మమనండి. ఒకే పిక్క ఎన్నిసార్లు ఇద్దరికి అమ్ముడుపోయిందో లెక్కపెట్టండి. ఇప్పుడు మూడోవారిని సాక్షిగా ఏదో ఒక గదిలో కూర్చోబెట్టి, ఇద్దరున్న గదివారే అమ్మాలని నియమం పెట్టండి. రెండో గదిలో ఒంటరిగా ఉన్నవారికి ఊరికే కూర్చోవడం కష్టంగానే ఉంటుంది. కాని ఆటను కాపాడేది వారే!

ఆమదాలవలస అమ్మాయి కూడా ఆ సాయంత్రం ఇదే ఆట ఆడింది. మర్నాడు తండ్రి రైలెక్కేటప్పుడు, “నాన్నా, నీ బెర్తు నీ ఒక్కడిదే. మరెవరూ వచ్చి లేపరు. హాయిగా నిద్రపో!” అని ధైర్యం చెప్పింది.