స్కాచ్‌పై సుంకం సగానికి: లాభం ఎవరి ఖాతాలోకి?

భారత్, బ్రిటన్ మధ్య 2025 జులై 24న వాణిజ్య ఒప్పందంపై సంతకాలయ్యాయి. అందులో బాగా చర్చకొచ్చిన సరుకు స్కాచ్ విస్కీ. దానిపై 150 శాతం ఉన్న దిగుమతి సుంకం ఒప్పందం అమల్లోకి రాగానే 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. మందు ముట్టని ఇళ్లలో ‘మనకెందుకీ గొడవ’ అనుకోవచ్చు. కానీ ఖజానా లెక్క తాగనివాళ్లకీ సంబంధించిందే.

పన్ను చుట్టూ తిరిగిన చరిత్ర

ఆల్కహాల్ అనే మాట అరబ్బీ ‘అల్ కుహ్ల్’ నుంచి వచ్చింది. కుహ్ల్ అంటే మన సుర్మానే. స్కాట్లాండ్‌లో బార్లీతో మద్యం కాచినట్టు 1494 నాటి రాజ ఖజానా పద్దుల్లోనే ఉంది. 1644లో అక్కడి పార్లమెంటు దానిపై పన్ను వేసింది. పన్ను పెరిగేకొద్దీ బట్టీలు కొండల్లోకి, గుహల్లోకి పోయాయి. మన దగ్గర గుడుంబా బట్టీల కథలాంటిదే.

1823లో బ్రిటన్ సుంకం బాగా తగ్గించి, 10 పౌండ్లకు లైసెన్సు ఇచ్చింది. మరుసటి ఏడాదే జార్జ్ స్మిత్ గ్లెన్‌లివెట్ లోయలో లైసెన్సు తీసుకున్నాడు. దొంగచాటుగా కాచే ఇరుగుపొరుగువాళ్లు చంపుతామని బెదిరిస్తే రెండు పిస్తోళ్లు వెంట పెట్టుకుని తిరిగాడు. కొన్నేళ్లలోనే దొంగ బట్టీలు తగ్గాయి, లైసెన్సు డిస్టిలరీలు పెరిగాయి. తగ్గిన పన్ను వ్యాపారాన్ని చట్టం కిందకి తెచ్చి, ఇంకా పెద్దది చేసింది.

డబ్బు పీపాల్లోనే

స్కాచ్ అనిపించుకోవాలంటే సరుకు స్కాట్లాండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలి. ఐలా దీవిలో చాలా డిస్టిలరీలు పీట్ అనే బురదమట్టిని ఎండబెట్టి, దాని పొగతో బార్లీని ఆరబెడతాయి. అందుకే అక్కడి సరుకుకి పొగ వాసన. స్పేసైడ్ ప్రాంతంలో ఎక్కువవి పొగ లేకుండా, తేలిగ్గా ఉంటాయి.

వ్యాపారం కోణంలో చూస్తే, ఈరోజు కాచింది పన్నెండేళ్ల తర్వాత అమ్మొచ్చు. అన్నాళ్లూ పెట్టుబడి ఇరుక్కుపోయినట్టే. అంచనా తప్పితే మూతే. 1983లో నిల్వలు పేరుకుపోయి పోర్ట్ ఎలెన్, బ్రోరా లాంటి డిస్టిలరీలు మూతపడ్డాయి. బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో మళ్లీ తెరుచుకున్నాయి. అందుకే వాళ్లకు భారత్ మార్కెట్ అంత అవసరం. 2024లో సీసాల లెక్కన స్కాచ్ ఎక్కువగా వచ్చింది మన దేశానికే, సుమారు 19.2 కోట్ల సీసాలు. విలువలో మాత్రం అమెరికాదే మొదటి స్థానం.

ఇక్కడి కంపెనీల సంగతి

మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ ఉంటుంది. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. కొన్ని దేశీ బ్రాండ్లు దిగుమతి చేసుకున్న స్కాచ్‌ని అందులో కలుపుతాయి. సుంకం తగ్గితే వాటికీ ఖర్చు తగ్గుతుంది.

బార్లీతో మాల్ట్ చేసే కంపెనీలకు మాత్రం పోటీ పెరుగుతుంది. బెంగళూరులో 1948లో మొదలైన అమృత్ తన సింగిల్ మాల్ట్‌ని 2004లో ఏకంగా గ్లాస్గోలోనే విడుదల చేసింది. అయితే స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం ఆవిరైతే, బెంగళూరు వేడికి 10 శాతం పైనే పోతుంది.

అసలు తాళం రాష్ట్రం చేతిలో

లెక్క కోసం దిగుమతి విలువ 1,000 రూపాయలు అనుకుందాం. 150 శాతం సుంకంతో అది 2,500 అవుతుంది. 75 శాతమైతే 1,750, 40 శాతమైతే 1,400. కానీ దుకాణంలో ధర అక్కడితో తేలదు. మద్యం జీఎస్టీలో లేదు. ఎక్సైజ్ సుంకం, వ్యాట్ వేసేది రాష్ట్రమే. కేంద్రం తగ్గించినంత రాష్ట్రం పెంచితే సీసా ధర కదలదు, డబ్బు ఖజానా మారుతుందంతే.

ఆ ఆదాయంపై రాష్ట్రాలు ఎంతగా ఆధారపడ్డాయో తెలంగాణలోనే కనిపిస్తుంది. 2025లో 2,620 మద్యం దుకాణాల కోసం వేసే ఒక్కో దరఖాస్తు ఫీజు 2 లక్షల నుంచి 3 లక్షలకు పెరిగింది. లాటరీలో దుకాణం రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

స్కాట్లాండ్ డిస్టిలరీకి మార్కెట్ దొరుకుతుంది, ఇక్కడి కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, ప్రభుత్వానికి ఆదాయం ఉండనే ఉంటుంది. జీతం సగం సీసాకి పోయే ఇల్లు మాత్రం ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. ధర తగ్గితే అమ్మకాలు పెరుగుతాయి, తగ్గకపోతే ఖజానా నిండుతుంది. ఏది జరిగినా ఆ సొమ్ములో ఎంత భాగం డీ అడిక్షన్ కేంద్రాలకు, బస్తీ దవాఖానాలకు వస్తుందనేది వచ్చే బడ్జెట్ పద్దుల్లో చూడాల్సిన అంకె.