ఎల్ నినో అంటే కరువేనా?

వేసవి ముదిరేసరికి వార్తల్లో "ఈ ఏడు ఎల్ నినో" అని ఒక్క ముక్క వినబడితే చాలు, మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర, టీ అంగడి దగ్గర తీర్పు చెప్పేస్తారు: "ఇంకేముంది, ఈసారి కరువే!" వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలనేవారు. ఆ మాటలో కనీసం వినయం ఉంది. ఈ కొత్త మాటలో అదీ లేదు. సగం తెలిసిన సైన్సును పట్టుకుని పూర్తి తీర్పు చెప్పడం కొత్త రకం మూఢనమ్మకమే అవుతుంది.

విద్యార్థులారా! కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మెట్టసీమలో చాలా ఇళ్ళు వానను నమ్ముకుని బతుకుతున్నాయి. చెనిక్కాయ విత్తాలా వద్దా, అప్పు చేసి విత్తనం కొనాలా వద్దా, ఊళ్ళో ఉండాలా బెంగుళూరుకు కూలికి పోవాలా అన్న ఆలోచనలు వానతోనే ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఎల్ నినో అంటే ఏమిటో, అది ఎంతవరకు చెప్పగలదో, ఏది చెప్పలేదో మీరు సరిగ్గా తెలుసుకోవాలి. అందుకు ముందుగా మనం పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న చిన్న చిన్న దీవుల దగ్గరకు వెళ్ళాలి.

పళ్ళెంలో మహాసముద్రం

ఒక పొడవాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక కొసన కూర్చుని విసనకర్రతో గట్టిగా విసరండి. పైనున్న నీరు అవతలి కొసకు జరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్‌లో జరిగేది ఇదే. అక్కడ వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా తూర్పు నుంచి పడమటికి వీస్తాయి. ఎండకు కాగిన పైనీటిని ఇవి ఇండోనేషియా, పాపువా న్యూగినీల వైపు నెట్టుకుపోతాయి. అందువల్ల పడమటి కొసన సముద్రమట్టం తూర్పు కొసన ఉన్న పెరూ తీరం కన్నా సుమారు అర మీటరు ఎత్తుగా ఉంటుంది. అక్కడి నీరు 29, 30 సెంటీగ్రేడు డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. పెరూ వైపు పైనీరు తొలగిపోయిన చోటికి లోతుల్లోని చల్లని నీరు పైకి వస్తుంది. వెచ్చని నీటి మీద గాలి తేమతో పైకి లేచి మేఘమవుతుంది. కాబట్టి పడమట వాన, తూర్పున ఎండ. ఇది మామూలు స్థితి.

కొన్నేళ్ళకొకసారి ఈ గాలులు బలం తగ్గిపోతాయి. పడమట పోగుపడిన వెచ్చని నీరు వెనక్కి, అంటే తూర్పుకు పరుచుకుంటుంది. వానమేఘాలు కూడా దాని వెంటే జరుగుతాయి. దీన్నే ఎల్ నినో అంటారు. క్రిస్మస్ రోజుల్లో తమ తీరానికి వచ్చే వెచ్చని నీటికి పెరూ జాలరులు బాలయేసు పేరు పెట్టుకున్నారు. ఆ పేరే లోకమంతా నిలిచింది. దీనికి ఎదురుగా, గాలులు మామూలు కన్నా బలంగా వీచి, నడిమి పసిఫిక్ మరింత చల్లబడితే అది లా నినా. నడిమి పసిఫిక్ పైనీటి ఉష్ణోగ్రత కొన్ని నెలలపాటు సగటు కన్నా అర డిగ్రీ పెరిగినా శాస్త్రజ్ఞులు ఎల్ నినోగా లెక్కిస్తారు. అర డిగ్రీయేనా అని తేలిగ్గా చూడకండి. వేల కిలోమీటర్ల పొడవున సముద్రం అర డిగ్రీ వేడెక్కాలంటే ఎంత వేడి చేరాలో ఊహించండి.

ఒక దీవికి వాన, ఒక దీవికి కరువు

ఇప్పుడు దీవుల సంగతి చూద్దాం. కిరిబాటి దేశంలో కిరిటిమాటి అనే పగడపు దీవి ఉంది. అక్కడి భాషలో "టి" అక్షరాన్ని "స్" అని పలుకుతారు, కాబట్టి ఆ పేరు "కిరిస్మస్". ఇది మామూలుగా పొడి దీవి. ఎల్ నినో వస్తే ఇక్కడ కుండపోతగా వానలు పడతాయి. 1982-83లో బలమైన ఎల్ నినో వచ్చినప్పుడు చుట్టూ సముద్రంలో చేపలు కరువై, లక్షలాది సముద్రపక్షులు గూళ్ళలో పిల్లలను వదిలి ఎగిరిపోయాయి. 2015-16లో నీటి వేడికి ఆ దీవి చుట్టూ ఉన్న పగడాల్లో అత్యధిక భాగం చనిపోయాయి.

అదే సమయంలో పడమటి దీవుల్లో వేరే కథ నడుస్తుంది. 1997లో పాపువా న్యూగినీలో వానలు లేక, కొండసీమల్లో రాత్రిళ్ళు మంచు పేరుకుని, చిలగడదుంప తోటలు మాడిపోయాయి. సమోవా దగ్గర సముద్రమట్టం తగ్గి, పగడపు దిబ్బలు ఎండకు బయటపడి వాసన వేస్తాయి. ఆ కంపు ఆటును వారు "తైమాసా" అంటారు. ఎల్ నినోకు ఒక ఊరి భాషలో పేరు ఉందంటే, ఆ ఊరివాళ్ళు దాన్ని ఎన్ని తరాలుగా చూస్తున్నారో మీరే ఆలోచించండి.

లా నినా వచ్చినా అందరికీ మేలు కాదు. 2011లో లా నినా కాలంలో తువాలు దేశం తాగునీటికి అత్యవసర పరిస్థితిని ప్రకటించవలసి వచ్చింది. అక్కడ ఏళ్ళు లేవు, చెరువులు లేవు. ఇంటి పైకప్పు మీద పడిన వాననీటిని తొట్లలో పట్టుకోవడమే ఆధారం. కాబట్టి ఎల్ నినో చెడ్డది, లా నినా మంచిది అనడానికి వీలులేదు. ఎవరికి, ఎక్కడ, ఏ నెలలో అని అడగాలి.

ఫిజీలో మన వాళ్ళు

ఈ దీవుల్లో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి అరవై వేలమందికి పైగా కూలీలను ఓడల్లో ఫిజీ దీవుల చెరకు తోటలకు తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. ఆ ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ వెళ్ళారు. వారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఫిజీలో ఉన్నారు.

ఫిజీలోని పెద్ద దీవి విటి లెవు. ఆగ్నేయం నుంచి వచ్చే గాలికి ఎదురుగా ఉన్న సువా నగరంలో వాన విస్తారం. నడుమ కొండలు అడ్డం. కొండలకు అవతల నాది, లౌతోకా, బా ప్రాంతాల్లో వాన తక్కువ. చెరకు తోటలు ఎక్కువగా ఉన్నది ఈ పక్కనే. పడమటి కనుమలు అడ్డుపడి మన సీమకు నైరుతి వాన తగ్గినట్లే అక్కడా జరుగుతుంది. 1997-98 ఎల్ నినో కాలంలో ఫిజీ చెరకు పంట దారుణంగా దెబ్బతిన్నది. 2015-16 ఎల్ నినో కాలంలో, 2016 ఫిబ్రవరి 20న, విన్‌స్టన్ అనే భీకరమైన తుపాను ఆ దేశం మీద విరుచుకుపడి 44 మందిని పొట్టనబెట్టుకుంది.

మరి అదే 1997లో మన దేశంలో ఏం జరిగింది? ఆ శతాబ్దంలో అతి బలమైన ఎల్ నినోలలో అది ఒకటి. అయినా మన నైరుతి ఋతుపవన వర్షం సగటుకు 102 శాతం కురిసింది! ఫిజీలో ఎండిపోయిన ఏడాదిలో మనకు లోటే లేదు. 2002లో వచ్చినది ఒక మోస్తరు ఎల్ నినో మాత్రమే. కాని మనకు 19 శాతం లోటు. 2009లో 22 శాతం లోటు, 2015లో 14 శాతం లోటు. 2023లో ఎల్ నినో ఉన్నా లోటు సుమారు 6 శాతమే. లా నినా ఉన్న 1974లో కూడా దేశానికి కరువు తప్పలేదు. మన హిందూ మహాసముద్రంలోని ఉష్ణోగ్రతలు కూడా మన వానను నడిపిస్తాయని 1999లో శాస్త్రజ్ఞులు విశదంగా చూపారు. పసిఫిక్ ఒక్కటే మన తలరాత రాయదు.

లెక్కలు కట్టిన దొర

ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నది ఎవరో తెలుసా? మన భారత వాతావరణ శాఖకు 1904 నుంచి 1924 దాకా అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్. ఆయన గణితజ్ఞుడు. 1913లో మద్రాసు రేవు కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న శ్రీనివాస రామానుజన్ ప్రతిభను గుర్తించి, మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు లేఖ రాసినవాడు కూడా ఈయనే. మన దేశంలో వానలు ఎందుకు తప్పుతాయో తెలుసుకోవడానికి వాకర్ ప్రపంచం నలుమూలల నుంచి పీడనం, ఉష్ణోగ్రత, వర్షం లెక్కలు తెప్పించి, గుమాస్తాల చేత ఏళ్ళ తరబడి కూడికలు తీసివేతలు చేయించాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు మరి. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందనీ, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందనీ ఆయన గమనించాడు. ఈ ఊయలకు దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఇప్పుడు దీన్ని తాహితి దీవిలోని పీడనానికీ, ఆస్ట్రేలియాలోని డార్విన్ పీడనానికీ గల తేడాతో కొలుస్తున్నారు. సముద్రం వేడికీ ఈ పీడనాల ఊయలకూ గల సంబంధాన్ని 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ వివరించాడు.

కలికిరికీ తాహితికీ మధ్య పద్నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దూరాన్ని వాకర్ దాటింది టెలిస్కోపుతో కాదు. ఎవరో ఒక దీవిలో రోజూ భారమితి చూసి పుస్తకంలో అంకె రాసిపెట్టారు. ఆ అంకెలే లేకపోతే వాకర్ గణితానికి పనే లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పనికి వస్తుంది.

మనకు రెండు వానకాలాలు

"ఎల్ నినో అంటే కరువే" అన్న మాట మన సీమలో మరీ తప్పు. ఎందుకంటే వార్తల్లో చెప్పే లోటు జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశమంతటికీ కలిపి కట్టిన లెక్క. మనకు ఆ తర్వాత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాల వాన కూడా ఉంది. ఎల్ నినో ఏళ్ళలో ఈ వాన ఎక్కువగా పడే మొగ్గు ఉందని శాస్త్రజ్ఞులు గమనించారు. 2015 చూడండి. నైరుతి కాలంలో దేశమంతా లోటు. నవంబరులో మాత్రం చిత్తూరు, నెల్లూరు, చెన్నై ప్రాంతాలు వరదల్లో మునిగాయి. ఇదీ మొగ్గే సుమా, నియమం కాదు. 2021లో ఉన్నది లా నినా. అయినా నవంబరులో మన సీమ మీద వానలు విరగబడి కురిశాయి. బాహుదా, పించా ఏళ్ళ నీరు చేరే చెయ్యేరు పొంగి, నవంబరు 19న రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. దిగువ ఊళ్ళలో ప్రాణాలు పోయాయి.

నా అభిప్రాయం ఇది. కరువు తప్పదని ముందే తీర్పు చెప్పుకుంటే రెండు నష్టాలు. మొదటిది, చేయగల పని ఆగిపోతుంది. వంకల్లో కంప తీయరు, తూము బాగుచేయరు, మరవ చూడరు. తీరా నవంబరులో వాన కుమ్మరిస్తే నీరు చెరువుకు చేరదు, చేరినా కట్ట నిలవదు. రెండోది, తప్పంతా ఎక్కడో ఉన్న సముద్రం మీదికి నెట్టేసి అందరూ చేతులు దులుపుకుంటారు. చెరువులో ముళ్ళకంప పెరగడానికి ఎల్ నినో కారణం కాదు గదా!

ఎల్ నినో వార్తను తీర్పులాగా కాక హెచ్చరికలాగా వినాలి. చెనిక్కాయ పదును తప్పితే ఉలవ, అలసంద విత్తనం సిద్ధంగా ఉంచుకోవచ్చు. వేసవిలోనే చెరువు కాలువలు శుభ్రం చేసుకోవచ్చు. కరువొస్తే ఉన్న నీరు దక్కుతుంది, వాన వస్తే వచ్చిన నీరు దక్కుతుంది. ఎటు చూసినా వృథా కాని పని ఇదే.

మీరు చేయవలసిన పని

వాతావరణ శాఖ ఉండగా మేమెందుకు కొలవాలి అని మీరడగవచ్చు. ఒక ఊళ్ళో వంక పారితే పక్క ఊళ్ళో దుమ్ము లేవడం మీరు చూడలేదా? దేశానికి కట్టిన సగటు మీ ఊరి వానను చెప్పదు. మీ ఊరి లెక్క మీ ఊళ్ళోనే పుట్టాలి.

అడుగూ మూతీ ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్లకూ గోడలకూ దూరంగా, ఆరుబయట, కదలకుండా నిలబెట్టండి. వాతావరణ శాఖవారు చూసే వేళకే, అంటే ఉదయం 8.30కి, స్కేలుతో నీటి లోతు కొలిచి మిల్లీమీటర్లలో రాయండి. కొలిచాక నీరు పారబోయండి. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అది వానరోజు. పది మిల్లీమీటర్ల వాన ఒక ఎకరంలో సుమారు 40 వేల లీటర్ల నీరు పోసినట్లు. ఈ ఒక్క లెక్కతోనే వాన విలువ మీకు తెలిసిపోతుంది.

పక్క గడిలో ఆ నెల పసిఫిక్ సంగతి రాయండి: ఎల్ నినో, లా నినా, లేక రెండూ కాదు. మూడో గడిలో చెరువు సంగతి: నీరు చేరిందా, మరవ పారిందా. మీ అవ్వను, తాతను అడిగి వెనకటి ఏళ్ళలో చెరువు ఎప్పుడు నిండిందో, ఎప్పుడు ఎండిందో కూడా చేర్చండి. జ్ఞాపకం కొలత కాదు కాబట్టి దాన్ని వేరే సిరాతో రాయండి.

దీనికి పరీక్షలో మార్కులు రావు. పదో తరగతి అయ్యేలోపు ఫలితం కూడా తేలదు. ఒక చోటి సగటు వాన నమ్మకంగా చెప్పాలంటే ముప్పై ఏళ్ళ లెక్కలు కావాలంటారు శాస్త్రజ్ఞులు. కాబట్టి ఆ పుస్తకాన్ని మీరు బడి విడిచేటప్పుడు తొమ్మిదో తరగతివారి చేతిలో పెట్టి వెళ్ళండి. వారు తర్వాతి వారికిస్తారు. ఒక రోజు తప్పితే ఊహించి అంకె వేయకండి, ఖాళీగా వదిలేయండి. అబద్ధపు అంకె కన్నా ఖాళీ గడి వెయ్యి రెట్లు మేలు.

ముప్పై ఏళ్ళ తర్వాత మీ ఊరి పిల్లలెవరైనా "ఎల్ నినో ఏడు మన ఊళ్ళో వాన ఎలా ఉంటుంది?" అని అడిగితే, జవాబు టీ అంగడిలో కాక మీ బడి బీరువాలో దొరకాలి. జూన్ 1వ తేదీ ఉదయం 8.30కి మొదటి అంకె రాయండి. సున్నా అయినా సరే, రాయండి.