పేటను అడిగి కదిలిన యువత

యంగ్ లార్డ్స్ 1960ల చివర అమెరికా నగరాల్లో ప్యూర్టో రికో యువతీయువకులు నడిపిన సంస్థ. షికాగోలో వీధి ముఠాగా పుట్టి, న్యూయార్క్‌లో ప్రజారోగ్యం కోసం పోరాడే దళంగా ఎదిగింది. సభ్యుల్లో ఎక్కువమందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. హైస్కూలు వయసు దాటనివాళ్లూ ఉన్నారు. పేదపేటల్లో యువ నాయకత్వం ఎలా నిలబడుతుందో, ఎక్కడ కాలు జారుతుందో తెలుసుకోవాలంటే ఈ కొద్ది ఏళ్ల చరిత్రను మించిన పాఠం దొరకడం కష్టం.

ప్యూర్టో రికో 1898లో స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి వచ్చింది. 1917లో అక్కడివారికి అమెరికా పౌరసత్వం ఇచ్చారు గానీ, ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు మాత్రం లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పని కరవై లక్షలమంది పెద్ద నగరాలకు వలస వచ్చారు. 1960 నాటికి ఒక్క న్యూయార్క్‌లోనే వారి సంఖ్య ఆరు లక్షలు దాటింది. వాళ్లకు దొరికిన పనులు దుస్తుల ఫ్యాక్టరీల్లో, హోటళ్ల వంటగదుల్లో; దొరికిన ఇళ్లు ఓనర్లు మరమ్మతు చేయించని పాత కట్టడాలు. పెద్దలకు ఇంగ్లీషు రాదు కనుక ఆసుపత్రికి వెళ్లినా, సర్కారు ఆఫీసుకు వెళ్లినా పిల్లలే దుబాసీలు. ఇది చిన్న విషయం కాదు. పదేళ్ల వయసులో అమ్మ తరఫున డాక్టరుతో, గుమాస్తాతో మాట్లాడాల్సి వచ్చిన తరం అది. పేదవాణ్ణి ఎక్కడెక్కడ కసురుకుంటారో రాజకీయ పుస్తకాలు ముట్టకముందే వాళ్లకు తెలుసు.

షికాగోలోని లింకన్ పార్క్‌లో యంగ్ లార్డ్స్ మొదట తెల్లజాతి ముఠాల దాడుల నుంచి కాచుకోవడానికి ఏర్పడిన కుర్రాళ్ల గుంపు. దాని నాయకుడు హోసె ‘చా చా’ హిమెనెజ్ 1968లో జైల్లో ఉండగా మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్ గురించి చదివాడు. బయటికొచ్చేసరికి నగర పునరుద్ధరణ పేరుతో తన పేటనే ఖాళీ చేయిస్తున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 23న, స్పెయిన్ మీద ప్యూర్టో రికో తిరుగుబాటుకు సరిగ్గా నూరేళ్లు నిండిన రోజున, ముఠాను రాజకీయ సంస్థగా మార్చారు. 1969 మేలో మెకార్మిక్ సెమినరీలో బైఠాయించి, పేదల ఇళ్లకు నిధులిస్తామన్న హామీ సాధించారు. ఆ వేసవిలో ఆర్మిటేజ్ అవెన్యూలోని మెథడిస్టు చర్చిని ప్రజల చర్చిగా మార్చి, అందులో పిల్లల సంరక్షణ కేంద్రం, ఉచిత వైద్యశాల నడిపారు. వారికి అండగా నిలిచిన పాస్టర్ బ్రూస్ జాన్సన్, ఆయన భార్య యూజీనియా ఆ సెప్టెంబరులోనే ఇంట్లో హత్యకు గురయ్యారు. హంతకులెవరో నేటికీ తేలలేదు.

అదే వేసవిలో న్యూయార్క్‌లోని కొందరు ప్యూర్టో రికో విద్యార్థులు పత్రికలో హిమెనెజ్ ఇంటర్వ్యూ చదివి, కారెక్కి షికాగో వెళ్లి కలిసి వచ్చారు. 1969 జులై 26న తమ శాఖను ప్రకటించారు. వాళ్ల బుర్రల నిండా విప్లవ సిద్ధాంతాలే. అయినా ఈస్ట్ హార్లెమ్ వీధుల్లోకి వెళ్లి, ఇక్కడ ముందుగా ఏం కావాలని జనాన్ని అడిగారు. జనం చెప్పింది చెత్త గురించి. మున్సిపల్ లారీలు సంపన్నుల వీధులను శుభ్రం చేసి వెళ్తుంటే, ఇక్కడ చెత్త రోజుల తరబడి కుళ్లుతోంది. ఆ జవాబు విన్న కుర్రాళ్లకు నిరాశ కలిగే ఉంటుంది. అయినా చీపుర్లు పట్టి ఆదివారాలు వీధులు ఊడ్చారు. ఇంకొన్ని చీపుర్లు ఇమ్మని పారిశుద్ధ్య శాఖను అడిగితే కాదన్నారు. అప్పుడు ఊడ్చిన చెత్తను 110వ వీధి పరిసరాల్లో థర్డ్ అవెన్యూకు అడ్డంగా పోసి నిప్పంటించారు. ట్రాఫిక్ స్తంభించింది, పత్రికలవాళ్లు వచ్చారు. మేయర్ ఎన్నికల ఏడాది కావడంతో చెత్త ఎత్తడమన్నది నగర రాజకీయాల్లో పెద్ద ప్రశ్న అయింది. ముందు వారాల తరబడి ఊడ్చిన చేతులు కాబట్టే ఆ మంటను పేటవాళ్లు అల్లరిగా చూడలేదు. ఇళ్లలోంచి వచ్చి తామూ తలా ఒక చెయ్యి వేశారు.

తర్వాతి పోరాటం సీసం మీద. పాత ఇళ్ల గోడలకు వేసిన రంగులో సీసం ఉండేది. పెచ్చులూడిన రంగును పసిపిల్లలు నోట్లో పెట్టుకునేవారు. మెదడు దెబ్బతినడం, మూర్ఛ, ఒక్కోసారి మరణం దాని ఫలితాలు. ఇళ్ల లోపల ఈ రంగు వాడకాన్ని న్యూయార్క్ 1960లోనే నిషేధించినా, అప్పటికే వేసిన రంగును గీకించే నాథుడు లేడు. నగర ఆరోగ్య శాఖ దగ్గర పరీక్ష కిట్లు ఉన్నాయి గానీ పిల్లలకు అందడం లేదు. యువకులు ఆ ఆఫీసులో బైఠాయించి కిట్లు తీసుకుని, వైద్య విద్యార్థులను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగారు. పిల్లల మూత్రం నమూనాలు సేకరించి, ఫలితాలను పత్రికలకు ఇచ్చారు. 1970లో నగరం సీస విష నియంత్రణకు ప్రత్యేక విభాగం పెట్టింది. అందులో ఇతరుల శ్రమ కూడా ఉంది. అయితే ఈ పేట పిల్లల జబ్బును నగరం కళ్లముందు పెట్టింది మాత్రం వీళ్లే.

క్షయ విషయంలోనూ అదే పద్ధతి. నగరం పంపే ఎక్స్‌రే లారీ కూలిపనికి వెళ్లేవాళ్లకు కుదరని వేళల్లో వచ్చేది. 1970 జూన్‌లో యువకులు ఆ లారీని స్వాధీనం చేసుకున్నారు. ద్వీపానికి చెందిన వైద్యుడు, విప్లవకారుడు రామోన్ బెతాన్సెస్ పేరు దానికి పెట్టి, జనం ఇంట్లో ఉండే వేళల్లో నడిపించారు. లారీలో పనిచేసే సాంకేతిక సిబ్బందికి జీతాలిచ్చేందుకు నగరం ఒప్పుకోక తప్పలేదు.

మధ్యలో 1969 డిసెంబరు 28న ఈస్ట్ హార్లెమ్‌లోని ఫస్ట్ స్పానిష్ మెథడిస్టు చర్చిని ఆక్రమించారు. పిల్లలకు పొద్దుటి పూట టిఫిన్ పెట్టేందుకు చోటు అడిగితే చర్చి పెద్దలు నిరాకరించడమే కారణం. పదకొండు రోజులపాటు అక్కడ భోజనాలు, వైద్య పరీక్షలు, చరిత్ర పాఠాలు నడిచాయి. కవి పెద్రో పియెత్రి తన కవిత్వం చదివి వినిపించాడు. జనవరి 7న 105 మందిని అరెస్టు చేశారు. ఒక్క దెబ్బలాట లేకుండా బయటికి నడిచారు.

అన్నిటికంటే సాహసమైన పని లింకన్ ఆసుపత్రి ఆక్రమణ. న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో ఉన్న ఈ ఆసుపత్రి భవనం వాడకానికి పనికిరాదని ఎప్పుడో తేల్చేశారు. పేటవాళ్లు దాన్ని కసాయి కొట్టు అనేవారు. 1970 జులై 14 తెల్లవారుజామున నూరుమందికి పైగా లోపలికి వెళ్లి పన్నెండు గంటలు నిలిచారు. కొత్త భవనం కట్టాలి, ఇంటింటికీ వైద్యం రావాలి, ఫిర్యాదులు వినేందుకు రాత్రింబవళ్లు మనిషి ఉండాలి, సిబ్బంది పిల్లలకు సంరక్షణ కేంద్రం ఉండాలి అన్నవి వాళ్ల కోరికలు. లోపల పనిచేసే యువ డాక్టర్లు, కార్మికులు వారితో చేయి కలిపారు. ఆ నవంబరులో అక్కడే హెరాయిన్ అలవాటు మాన్పించే కేంద్రం మొదలై, తర్వాతి రోజుల్లో ఆక్యుపంక్చర్ చికిత్సకు పేరు తెచ్చుకుంది. కొత్త ఆసుపత్రి భవనం 1976లో తెరుచుకుంది. రోగికి హక్కులుంటాయన్న మాట ఇవాళ ఆసుపత్రి గోడల మీద రాసి ఉంటుంది. అప్పట్లో ఆ మాట కోసం అరెస్టు కావలసి వచ్చింది.

సంస్థ లోపల కూడా పోరాటం జరిగింది. తొలి కార్యక్రమ పత్రంలో మగతనం విప్లవాత్మకంగా ఉండాలని రాసుకున్నారు. మహిళా సభ్యులు ఊరుకోలేదు. మగ పెత్తనాన్ని విప్లవం పేరుతో సమర్థించడం కుదరదని పట్టుబట్టి, 1970లో ఆ అంశాన్ని మగ అహంకారాన్ని ఖండించేలా తిరగరాయించారు. డెనీస్ ఆలివర్ కేంద్ర కమిటీలోకి వచ్చిన తొలి మహిళ. ప్యూర్టో రికోలో సరైన సమ్మతి లేకుండా స్త్రీలకు చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల మీద గొంతెత్తింది కూడా ఈ మహిళలే. ఇంటి లోపలి అసమానతను వదిలేసి బయటి న్యాయం అడిగే ఉద్యమాలు ఎన్నో ఉన్నాయి. ఇరవై ఏళ్లవాళ్లు తమ పత్రాన్ని తామే దిద్దుకోవడం వీరి విజయాల్లో ముందు వరుసలో పెట్టదగ్గది.

పతనానికి పోలీసులూ కారణమే. ఎఫ్‌బీఐ రహస్య కార్యక్రమం సంస్థలో అనుమానాలు నాటింది. న్యూయార్క్ పోలీసులు పోగుచేసిన నిఘా ఫైళ్లు చరిత్రకారిణి యొహానా ఫెర్నాండెస్ కోర్టుకెక్కిన తర్వాత 2016లో ఒక గోదాములో దొరికాయి. అయితే లోపలి కారణం ఇంకా బలమైంది. 1971లో నాయకత్వం ద్వీపంలో శాఖలు తెరిచేందుకు శక్తినంతా తరలించింది. ప్యూర్టో రికో స్వాతంత్ర్య కాంక్ష నిజమైనదే, కానీ ఆ నిర్ణయం తీసుకునేముందు ఈస్ట్ హార్లెమ్‌ను గానీ, బ్రాంక్స్‌ను గానీ ఎవరూ అడగలేదు. ద్వీపంలో వీళ్లు స్పానిష్ సరిగా రాని బయటివాళ్లు; న్యూయార్క్‌లో టిఫిన్ కేంద్రాలు, వైద్య పరీక్షలు పలచబడ్డాయి. 1972లో పేరు మార్చుకుని కార్మిక పార్టీ కావాలని చూసి, లోపలి కలహాల్లో కొద్ది ఏళ్లకే కనుమరుగైంది.

షికాగోలో హిమెనెజ్ మాత్రం 1975లో నగర కౌన్సిల్‌కు పోటీ చేసి ఓడిపోయాడు, 1983లో హారొల్డ్ వాషింగ్టన్ నగరానికి తొలి నల్లజాతి మేయర్‌గా గెలిచిన ప్రచారంలో లాటినో ఓట్లను కూడగట్టాడు.

అడిగి మొదలుపెట్టే పద్ధతి షికాగోలోని మెక్సికన్ పేట లిటిల్ విలేజ్‌లో మళ్లీ కనిపిస్తుంది. ఇస్తామన్న హైస్కూలు కట్టకపోవడంతో 2001లో తల్లులు, బామ్మలు, యువకులు 19 రోజులు నిరాహార దీక్ష చేశారు. 2005లో తెరుచుకున్న ఆ ప్రాంగణంలోని నాలుగు బడుల్లో ఒకటి సామాజిక న్యాయం పేరుతో ఉంది. ఆ పేటలోనే పెరిగిన కింబర్లీ వాసర్‌మన్ ఇంటింటికీ తిరిగి, పొగతో పిల్లలకు వస్తున్న ఉబ్బసం గురించి విన్నది. ఏళ్ల పోరాటం తర్వాత 2012లో అక్కడి క్రాఫర్డ్, పక్కనున్న పిల్సెన్‌లోని ఫిస్క్ బొగ్గు విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. ఒకప్పుడు కాలుష్యంతో నిండిన ఫ్యాక్టరీ స్థలంలో 2014లో లా వియ్యీతా పార్కు వచ్చింది.